టెన్జింగ్ నార్గే: మూటలు మోసిన కూలీ నుంచి ఎవరెస్ట్ శిఖరం దాకా.. మెట్టు మెట్టుగా 18 ఏళ్ల ప్రయాణం!

ఎవరెస్ట్ ఎక్కాలంటే ముందు ఏ కొండ ఎక్కి ఉండాలి? ఈ ప్రశ్న ఇప్పుడు నేపాల్‌లో చట్టం దాకా వెళ్లింది. ఎవరెస్ట్ పర్మిట్ కావాలంటే ముందు తమ దేశంలోనే 7 వేల మీటర్లు దాటిన శిఖరం ఒక్కటైనా ఎక్కి ఉండాలంటూ 2025లో అక్కడి ప్రభుత్వం బిల్లు తెచ్చింది. అనుభవం లేకుండా నేరుగా వచ్చేవాళ్లు ప్రాణాల మీదకు తెచ్చుకుంటున్నారనే ఈ ఆలోచన. అయితే ఇలాంటి రూల్ ఏదీ లేని రోజుల్లోనే ఆ దారిలో నడిచి చూపించిన మనిషి ఒకరున్నారు. ఆయనే టెన్జింగ్ నార్గే.

1914లో పుట్టిన టెన్జింగ్‌కు చదవడం, రాయడం రాదు. 18 ఏళ్ల వయసులో పని వెతుక్కుంటూ డార్జిలింగ్ చేరారు. 1935లో ఎరిక్ షిప్టన్ బృందం ఎవరెస్ట్‌కు బయల్దేరింది. ఎంపికైన ఇద్దరు మెడికల్ టెస్టులో ఫెయిల్ కావడంతో చివరి నిమిషంలో ఆయనకు ఛాన్స్ దొరికింది. అదీ మూటలు మోసే పనికే!

1936, 1938ల్లోనూ ఎవరెస్ట్‌కు వెళ్లారు. 1938లో 8 వేల మీటర్లు దాటి మరీ సామాను మోశారు. ఎత్తును తట్టుకునే శక్తి ఉందని అప్పటికే తేలిపోయింది. కానీ అది ఒక్కటే సరిపోదు కదా!

ఆయన కూడా ఒకసారి తొందరపడ్డారు. 1947లో ఎర్ల్ డెన్మన్ అనే వ్యక్తి పర్మిషన్ లేకుండా, చాలీచాలని సామానుతో ఎవరెస్ట్ ఎక్కుదామన్నాడు. అయ్యే పని కాదని తెలిసినా, ఆ కొండ మీద ఆశతో టెన్జింగ్ సరేనన్నారు. గాలి, చలి తట్టుకోలేక నార్త్ కోల్ కిందే ఆగిపోయారు. మొండికేయకుండా వెనక్కి తిరిగారు కాబట్టే ప్రాణాలు దక్కాయి.

అదే ఏడాది స్విస్ బృందంతో కలిసి 6,940 మీటర్ల కేదార్‌నాథ్ శిఖరం ఎక్కారు. అవును.. కేదార్‌నాథ్ గుడి వెనక కనిపించే మంచుకొండల్లో అదొకటి. కూలీగా మొదలైన మనిషి షెర్పాలకు సర్దార్ అయ్యింది కూడా ఆ యాత్రలోనే.

1951లో నందాదేవి తూర్పు శిఖరం. ఎత్తు 7,434 మీటర్లు. కనిపించకుండా పోయిన ఇద్దరు ఫ్రెంచ్ పర్వతారోహకులను వెతుకుతూ లూయీ డ్యూబోస్ట్‌తో కలిసి పైదాకా వెళ్లారు. వాళ్ల ఆచూకీ దొరకలేదు. ఎవరెస్ట్ కంటే ఈ కొండ 1,400 మీటర్లు తక్కువ. అయినా తన జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఎక్కుడు ఇదేనని టెన్జింగ్ తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు. అంటే కొండ ఎంత కష్టమో ఎత్తు ఒక్కటే చెప్పదన్నమాట. అంచు ఎంత సన్నగా ఉంది, మంచు ఎలాంటిది, జారితే ఆగే చోటు ఉందా.. ఇవన్నీ చూడాల్సిందే.

1952లో స్విస్ పర్వతారోహకుడు రేమండ్ లాంబర్ట్‌తో కలిసి ఎవరెస్ట్ మీద సుమారు 8,595 మీటర్ల దాకా వెళ్లారు. ఇంకో 250 మీటర్లే! కానీ ఆక్సిజన్ పరికరాలు సరిగా పనిచేయలేదు, ఒంట్లో సత్తువ లేదు. ఇద్దరూ దిగొచ్చేశారు. అయితే ఆ దారిలోని కష్టమేంటో అప్పటికి పూర్తిగా తెలిసిపోయింది. మరుసటి ఏడాది.. 1953 మే 29, ఉదయం 11:30 గంటలకు ఎడ్మండ్ హిల్లరీతో కలిసి శిఖరంపై నిలబడ్డారు.

1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. అక్కడ ఫీల్డ్ ట్రైనింగ్‌కు తొలి డైరెక్టర్ టెన్జింగే. ముందు బండరాళ్లు, తర్వాత మంచు, ఆపై చిన్న శిఖరం.. ఇలాగే నేర్పడం మొదలైంది. 1986 మే 9న డార్జిలింగ్‌లోనే ఆయన కన్నుమూశారు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌తో తెలుగువాళ్లకూ బంధం ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. నేరుగా వెళ్లిందా అంటే.. కాదు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుని, రెనాక్ శిఖరం ఎక్కాకే ఎవరెస్ట్ దారి పట్టింది. టెన్జింగ్‌కు 18 ఏళ్లు పట్టిన దారి ఇప్పుడు చిన్నదైంది. కానీ మధ్యలో మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.