మా పోచారం నీళ్ళ ఇంజనీరు

పోయిన దసరా సెలవుల్లో మా బావ హైదరాబాద్ నుంచి ఒక గాలిపడవ తెచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్నదే. ఇద్దరు పడతారు, మడిస్తే స్కూల్ బ్యాగంత అవుతుంది. మాది లింగంపేట. మా పెద్దవాగులో వచ్చే నీళ్ళన్నీ చివరికి పోయి పోచారం ప్రాజెక్టులో పడతాయి. కాబట్టి పడవని పోచారంలోనే వేయాలని ఇద్దరం ఫిక్స్ అయ్యాం. పంపు, రెండు తెడ్లు, అమ్మ కట్టిచ్చిన పులిహోర అన్నీ బండి మీద పెట్టుకుని బయల్దేరాం.

అక్కడ మత్తడి ఇంకా దుంకుతూనే ఉంది. మేం పడవ ఊదుతుంటే ప్రాజెక్టు మీద పనిచేసే లస్కర్ ఒకాయన చూసి వచ్చాడు. వచ్చీ రాగానే తిట్లు. నాకు మొదట కోపం వచ్చింది, ఎందుకంటే కట్టకి ఇవతల నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఒక్క అల లేదు. ఆయన చెప్పాక అర్థమైంది. పోచారం మత్తడికి గేట్లు లేవు. నిండితే పొడుగూతా దానంతట అదే దుంకుతుంది. పైన చూస్తే నీళ్ళు కదలనట్టే ఉంటాయి కానీ కట్ట దగ్గరికి వచ్చేకొద్దీ గుంజుతాయి. గాలిపడవ బరువే ఉండదు, అడుగు చదును, నీటిని పట్టుకుని నిలబడే గుణం లేదు. గాలి ఎటు తోస్తే అటు, నీళ్ళు ఎటు గుంజితే అటు. మత్తడి మీంచి కింద పడితే అక్కడ నీళ్ళు వెనక్కి సుడి తిరుగుతుంటాయి, పడ్డ మనిషిని పైకి రానివ్వవు. ఆ మాటలు ఇప్పుడు రాస్తుంటే కూడా నా అరచేతులు చెమట పడుతున్నాయి.

తిట్టడం అయ్యాక ఆయన మా పులిహోర కొంచెం తిన్నాడు. తింటూ ఈ కట్ట కట్టించిన దొర అంటూ ఒక పేరు చెప్పాడు. నేను అక్కడే ఫోన్‌లో రాసుకున్నాను: అలీ నవాజ్ జంగ్.

నిజం చెప్తున్నా, నాకు ఆ పేరు తెలీదు. సెప్టెంబర్ 15 వస్తే విశ్వేశ్వరయ్య గారి ఫోటోకి దండ వేసి, ఉపన్యాసం విని, బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని వచ్చేవాళ్ళం. జూలై 11 కూడా ఇంజనీర్స్ డే అనీ, తెలంగాణ వచ్చాక ఈయన పుట్టినరోజునే ఆ రోజుగా జరుపుతున్నారనీ సెకండియర్ దాకా నా చెవిన పడలేదు. అందుకే సెలవులు అయిపోయేలోపు దొరికినంత చదివాను. మీక్కూడా చెప్పాలనిపించింది.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టాడు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, మదర్సా-ఎ-ఆలియా, నిజాం కాలేజీ, ఇవీ చదివిన చోట్లు. 1896లో నిజాం ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంగ్లండ్ పంపింది. వెళ్ళింది కూపర్స్ హిల్‌లో ఉన్న రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీకి. ఆ కాలేజీ పెట్టిందే ఇండియాలో రోడ్లు, కాలువలు, రైళ్ళు చూసుకోడానికి తెల్లవాళ్ళని తయారుచేయడానికి. పేరులో ఇండియన్ ఉంది కానీ క్లాసుల్లో ఇండియన్లు చాలా తక్కువ. అలాంటి చోట పంతొమ్మిదేళ్ళ హైదరాబాదీ. అంటే సరిగ్గా నా వయసు. నేను ఇంగ్లిష్ మీడియంలో చదివి కూడా హాస్టల్‌లో మొదటి నెల అన్నం సహించక ఏడ్చాను. ఆయన ఓడెక్కి పోయాడు. కాలేజీ ఉన్న గుట్ట కిందే థేమ్స్ నది పారుతుంది. సెలవు రోజు అక్కడ పడవ ఎక్కి ఉంటాడా అని నాకో ఊహ, అంతే. దానికి సాక్ష్యం ఏం లేదు.

పడవ మాట వచ్చింది కాబట్టి చిన్న డైవర్షన్. గాలి ఊదే పడవని చాలామంది ఈ మధ్య వచ్చిన వస్తువు అనుకుంటారు. 1840లలోనే పీటర్ హాల్కెట్ అనే బ్రిటిష్ నేవీ లెఫ్టినెంట్ రబ్బరు పట్టించిన గుడ్డతో ఒక పడవ చేశాడు. వేసుకుంటే కోటు, ఊదితే పడవ. గొడుగునే తెరచాపలా వాడొచ్చు. ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన అన్వేషకులు దానితో నదులు దాటారు. నేవీ మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. సరే, మళ్ళీ మన కథకి వద్దాం.

1899లో తిరిగొచ్చి నిజాం పీడబ్ల్యూడీలో అసిస్టెంట్ ఇంజనీర్‌గా చేరాడు. తొమ్మిదేళ్ళకే, 1908 సెప్టెంబర్‌లో, మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని మింగింది. దాని తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రిజర్వాయర్లు కట్టాలని ఆయన ప్లాన్ ఇచ్చారు. మొదటిది ఉస్మాన్ సాగర్. రెండోది హిమాయత్ సాగర్, 1927లో పూర్తయింది. అప్పటికి ఇక్కడ చీఫ్ ఇంజనీర్ అలీ నవాజ్ జంగే. నవాబు బిరుదు నిజాం ఇచ్చింది. అంటే ఒకే పథకంలో ఇద్దరి చేతులూ ఉన్నాయి. ఒకాయన ఫోటో మన సెమినార్ హాల్లో ఉంది, ఇంకొకాయనది లేదు. ఇద్దరికీ పోటీ పెట్టాలని కాదు నా బాధ. గోడ మీద ఇంకో మేకుకి చోటుంది కదా అని.

పోచారం కట్టడం 1916లో మొదలై 1922లో అయిపోయింది. ఆయన హయాంలో వచ్చిన ప్రాజెక్టుల్లో ఇదొకటి. రాయి, సున్నం. దాని లోపల దాచిన మంత్రం ఏం లేదు, తన బరువుతోనే నీళ్ళని ఆపుతుంది. నిండితే 1.82 టీఎంసీలు పడుతుంది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు పొలాలకి పోగా మిగిలింది మంజీరలో కలిసి నిజాంసాగర్‌కి చేరుతుంది.

నిజాంసాగర్ ఆయన పెద్ద పని. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. 2 లక్షల 75 వేల ఎకరాలకి నీళ్ళివ్వాలని లెక్క. అంతకుముందు చెరువు నిండితే పంట, లేకపోతే వలస అన్నట్టున్న నిజామాబాద్ జిల్లాలో వరి, చెరకు మామూలు పంటలయ్యాయి. బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చిందంటే దానికి ఈ కాలువల కింది చెరకే కారణం. చీఫ్ ఇంజనీర్‌గా ఆయన చేతిలో పాలేరు, వైరా కూడా ఉన్నాయి. ఖమ్మం ఫ్రెండ్స్, మీరు గర్వంగా చూపించే నీళ్ళు కూడా ఈయన కాలానివే.

కానీ నిజాంసాగర్ కోసం 40 ఊళ్ళు ఖాళీ చేయించారు. చదివినవాటిలో ఈ సంగతి ఒక్క లైన్‌లో అయిపోతుంది. ఆ ఊళ్ళ పేర్లు నాకు ఎక్కడా కనపడలేదు. నీళ్ళొచ్చిన ఊరివాడిగా నాకు ఆయనంటే ఇష్టం. మునిగిన ఊరివాడినైతే ఈ వ్యాసం ఇలా రాసేవాణ్ణా అంటే తెలీదు. ఇంకో సంగతి పూడిక. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్‌కి ఇప్పుడు చెప్పే లెక్క 17.8. మంజీర తెచ్చిన మట్టి అడుగున పేరుకుపోయింది. పైన సింగూరు కూడా వచ్చాక నీళ్ళ రాక మారింది. రిజర్వాయర్ కట్టిన రోజు నుంచే పూడటం మొదలవుతుందని మా సివిల్ ఫ్రెండ్ చెప్తే నాకు హార్డ్ డిస్క్ గుర్తొచ్చింది.

ఉద్యోగం అయ్యాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. 1938లో కాంగ్రెస్ నేషనల్ ప్లానింగ్ కమిటీ వేసింది, అధ్యక్షుడు నెహ్రూ. అందులో నదులు, సాగునీటి సబ్‌కమిటీకి ఛైర్మన్‌గా పెట్టుకున్నది ఈయననే. ఒక నిజాం ఆఫీసర్, అవతల కాంగ్రెస్. నీళ్ళ లెక్క తెలిసినవాడు కావాలి కాబట్టి పిలిచారు, ఈయన వెళ్ళాడు. 1948లో హైదరాబాద్ ఇండియాలో కలిసింది. తర్వాతి ఏడాది డిసెంబర్ 6న ఆయన చనిపోయాడు. 72 ఏళ్ళు.

ఇప్పుడు 2025 ఆగస్టు సంగతి. మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. నెలాఖర్లో కామారెడ్డి మీద పడిన వాన మామూలు వాన కాదు. కామారెడ్డి టౌన్‌లో కాలనీలు మునిగి, సహాయక బృందాలు పడవల్లో జనాన్ని బయటికి తెచ్చాయి. లింగంపేట, గాంధారి వైపు నీళ్ళన్నీ పోచారం మీద పడ్డాయి. కట్ట ఉంటుందా పోతుందా అని ఆ రాత్రి కింది ఊళ్ళని ఖాళీ చేయించారు. నేను హాస్టల్‌లో ఉన్నాను. ఇంటికి ఫోన్ కలవదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలే మళ్ళీ మళ్ళీ చూస్తూ కూర్చున్నా. కట్ట కనపడట్లేదు, అంతా నీళ్ళే. తెల్లారాక కూడా అది అక్కడే ఉంది. వందేళ్ళు దాటిన రాయీ సున్నం. ఆ సంగతి గుర్తొచ్చాకే లస్కర్ అన్న తిట్లకి అర్థం తెలిసింది. ఆ రాత్రి చూసినవాడికి నెల తిరక్కుండానే ఇద్దరు పోరగాళ్ళు బొమ్మ పడవతో కనపడితే ఏం చేస్తాడు మరి?

ఆయన చెప్పినట్టే మా పడవని ఊరి చెరువులో వేశాం, మత్తడికి దూరంగా, చేపలు పట్టే అన్నని అడిగి. ఆయన లారీ ట్యూబ్ మీద తిరుగుతాడు, మా పడవని చూసి నవ్వాడు. లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. మధ్యాహ్నం ఎండకి లోపలి గాలి ఉబ్బుతుందని కొంచెం వదులుగానే ఊదాం. ఒడ్డున సర్కారు తుమ్మ ముళ్ళు ఏరి పక్కకి వేశాం. గంటసేపు బాగానే తిరిగాం. తర్వాత గాలి మళ్ళింది, మేమెంత తెడ్డు వేసినా పడవ ఒడ్డుకి రాదు. ఆఖరికి ఆ ట్యూబ్ అన్నే తాడు విసిరి ఒడ్డుకి లాక్కొచ్చాడు.