రొసెట్టా శిలను చదివిన షాంపోలియన్

ఈజిప్టు దేశమున నైలునదికి ఇరువైపుల నున్న దేవాలయముల గోడలమీదను, స్తంభములమీదను, రాజుల సమాధులలోను విచిత్రమైన లిపి యొకటి చెక్కబడి యున్నది. గుడ్లగూబ, సింహము, పాము, కన్ను, చేయి, నీటి అల - ఇట్టి బొమ్మలే ఆ లిపిలోని గుర్తులు. మూడువేల సంవత్సరములకు పైగా ఈజిప్టువారు తమ రాజుల విజయములను, దేవతల స్తుతులను ఆ లిపిలో వ్రాసికొనిరి. క్రీ.శ. 394లో ఫీలే ద్వీపమునందలి ఆలయమున చెక్కబడిన శాసనమే మనకు తెలిసినవానిలో కడపటిది. అటుపిమ్మట దానిని చదువగలవారే లేకపోయిరి. యాత్రికులు ఆ గోడలను చూచి ఆశ్చర్యపడుచుండిరి; పండితులు ఒక్కొక్క బొమ్మకు తమకు తోచిన వేదాంతార్థము చెప్పుచుండిరి. పదునాలుగు శతాబ్దుల తరువాత ఆ వ్రాతను మరల చదివినవాడు షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు.

జాన్ ఫ్రాన్స్వా షాంపోలియన్ 1790 డిసెంబరు 23వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున ఫిజాక్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. అన్నయగు జాక్ జోసెఫ్ అతనికంటె పండ్రెండేండ్లు పెద్దవాడు. 1801లో ఆ అన్నయే తమ్ముని గ్రెనోబుల్ నగరమునకు రప్పించి, తనయొద్ద నుంచుకొని చదువు చెప్పించెను. తమ్ముడు లాటిను, గ్రీకు భాషలతో తృప్తినొందక హీబ్రూ, అరబ్బీ, సిరియా భాషలను కూడ అభ్యసించెను. గణితమన్నచో మాత్రము అతనికి గిట్టెడిది కాదు.

అప్పటికే ఈజిప్టులో ఒక గొప్ప విశేషము జరిగి యుండెను. 1798లో నెపోలియన్ ఆ దేశముపై దండెత్తెను. మరుసటి సంవత్సరము జూలై నెలలో రషీద్ అను రేవుపట్టణము చెంత ఫ్రెంచి సైనికులు పాతకోటను బాగుచేయుచుండగా నల్లని రాయి యొకటి బయటపడెను. ఐరోపావారు రషీద్‌ను రొసెట్టా యందురు. అందుచే దానికి రొసెట్టా శిల యని పేరు వచ్చినది. దాని యెత్తు సుమారు 112 సెంటీమీటర్లు, వెడల్పు 76 సెంటీమీటర్లు, బరువు 760 కిలోగ్రాములు. పైభాగము విరిగిపోయినది. దానిమీద ఒకే శాసనము మూడు విధములుగ వ్రాయబడి యున్నది: పైన బొమ్మల లిపి 14 పంక్తులు, నడుమ ఈజిప్టువారి వాడుక వ్రాత 32 పంక్తులు, క్రింద గ్రీకు 54 పంక్తులు. గ్రీకు భాష పండితులకు తెలిసినదే. క్రీ.పూ. 196లో అయిదవ టాలెమీ రాజును గౌరవించుచు అర్చకులు చేసిన తీర్మానమని దానివలన తెలిసెను. యుద్ధమున ఫ్రెంచివా రోడిపోగా శిల ఆంగ్లేయుల వశమై, 1802 నుండి లండనులోని బ్రిటిష్ మ్యూజియమునం దున్నది. దాని ప్రతులు మాత్రము ఐరోపా యంతట వ్యాపించెను. గ్రీకు అర్థము తెలిసినది గనుక తక్కినది త్వరలోనే తేలిపోవునని పలువురు తలచిరి. ఇరువది సంవత్సరములు గడచినను తేలలేదు.

షాంపోలియన్ 1807లో పారిస్ నగరమునకు పోయి రెండేండ్లు ప్రాచ్యభాషలు చదివెను. అన్నిటికంటె అతనికి ప్రీతిపాత్రమైనది కోప్టిక్ భాష. ఈజిప్టు క్రైస్తవులు తమ ప్రార్థనలయందు వాడుకొను ఆ భాష, ప్రాచీన ఈజిప్టు భాషకు చివరి రూపము. గ్రీకు అక్షరములతో వ్రాయబడును. ఒక ఈజిప్టు మతాచార్యునివద్ద దానిని నేర్చి, తన సొంత విషయములను సైతము అందులోనే వ్రాసికొనుచుండెను. చచ్చిన భాషను పట్టుకొని ప్రాకులాడుట యేలయని ఎవరైన నవ్వియుండవచ్చును. కాని తరువాత అతనికి దారి చూపినది ఆ భాషయే.

పదునెనిమిదేండ్ల వయస్సునకే అతడు గ్రెనోబుల్‌లో చరిత్రోపాధ్యాయు డయ్యెను. ఐనను సుఖముగ నుండలేకపోయెను. నెపోలియన్ పతనమైన పిమ్మట అతని పక్షము వహించిన యన్నదమ్ములను ప్రభుత్వము 1816లో స్వగ్రామమునకు వెడలగొట్టెను. ఉద్యోగము పోయి, ఆరోగ్యము చెడి, 1821లో అతడు పారిస్‌లోని యన్న పంచన చేరెను.

ఆ సంవత్సరమే అతడొక గ్రంథమును ప్రకటించి, ఈజిప్టు వ్రాతలోని గుర్తులు వస్తువులను, భావములను తెలుపునే గాని ధ్వనులను తెలుపవని వ్రాసియుండెను. కొలది మాసములకే ఆ యభిప్రాయమును తానే పరీక్షించెను. రొసెట్టా శిలపై గ్రీకు మాటలు 486. వానికి సరియైన బొమ్మలు 1,419. శిల విరిగి కొంత వ్రాత పోయినను బొమ్మలే అధికముగ నున్నవి. ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క భావమైనచో అన్ని బొమ్మ లేల? గణితము గిట్టనివానికి లెక్కయే కన్ను తెరపించినది.

ఆ లిపిలో కొన్ని గుర్తుల చుట్టును కోలగీత యుండును. అవి రాజుల పేర్లని అంతకుముందే పండితు లూహించిరి. ఆంగ్ల వైద్యుడును శాస్త్రజ్ఞుడును ఐన థామస్ యంగ్ అట్టి గీతలో టాలెమీ పేరును గుర్తించి, కొన్ని ధ్వనులను నిర్ణయించెను. ఆయన పాలు తక్కువది కాదు. అయితే విదేశీయుల పేర్లకు మాత్రమే ధ్వనిగుర్తులు వాడుదురని తలచి ఆయన అచటనే ఆగెను. 1822లో షాంపోలియన్‌కు ఫీలేనుండి వచ్చిన యొక స్తంభశాసనపు ప్రతి లభించెను. అందు క్లియోపాత్ర రాణి పేరు కలదు. గ్రీకు భాషలో టాలెమీ పేరు పకారముతో మొదలగును. ఆ పేరున మొదటిదైన చదరపు గుర్తు క్లియోపాత్ర పేరున అయిదవ స్థానమున, పకారముండవలసిన చోటనే యున్నది. నాలుగవదైన సింహము ఇచట రెండవ స్థానమున లకారముగ నున్నది. అకారముండవలసిన రెండు చోట్లను ఒకే రాబందు కూర్చుండి యున్నది. ఇట్లు ఒకదానివెంట నొకటి అక్షరములు తేలెను.

కాని యివి గ్రీకు జాతి రాజుల పేర్లు. అంతకు వేయేండ్లకు పూర్వపు ఈజిప్టు రాజుల మాట యేమి? 1822 సెప్టెంబరు 14వ తేదీన అబూసింబెల్ ఆలయమునుండి వ్రాసి తెచ్చిన ప్రతులు అతని చేతికి వచ్చెను. ఒక కోలగీతలో మొదట సూర్యబింబము, తరువాత తెలియని గుర్తు, చివర రెండు సకారములు. కోప్టిక్ భాషలో సూర్యునికి రే యని పేరు. తెలియని గుర్తు రొసెట్టా శిలపై జన్మదినమను గ్రీకు మాటకు సరియైనచోట నున్నది. కోప్టిక్‌లో జననమునకు మీసె యందురు. కలిపి చదువగా రామెసెస్! మరొక గీతలో సూర్యునికి మారుగ థోత్ దేవుని పక్షి, అది థట్మోస్. అతడు కాగితములు చేతబట్టుకొని అన్న పనిచేయు చోటికి పరుగెత్తి, సంగతి చెప్పి, మూర్ఛిల్లి పడిపోయెననియు, అయిదుదినములు మంచము దిగలేదనియు చెప్పుదురు. సెప్టెంబరు 27న పారిస్ పండితుల సభలో తన పరిశోధనను చదివెను. కొన్ని గుర్తులు ధ్వనిని, కొన్ని పూర్తి పదమును తెలుపుననియు, రెండును ఒకే వాక్యమున కలసియుండుననియు 1824లో పెద్ద గ్రంథముతో స్థాపించెను. పలువురు నమ్మలేదు.

1826లో అతడు లూవ్ర్ మ్యూజియమున ఈజిప్టు వస్తుశాఖకు అధికారి యయ్యెను. 1828 ఆగస్టులో, ముప్పదియేడేండ్ల వయస్సున, మొదటిసారి ఈజిప్టు నేలపై కాలు మోపెను. ఇటలీ పండితుడు రోసెలీనితో కలసి నైలునదిపై పడవలో రెండవ జలపాతము వరకు పోయి, వచ్చుచు రాజుల లోయలో నాలుగవ రామెసెస్ సమాధినే నివాసము చేసికొని శాసనములు వ్రాసికొనెను. ఆలయములు సున్నపు బట్టీలకు రాళ్లిచ్చు గనులగుట చూచి, వానిని కాపాడవలెనని దేశాధిపతి మహమ్మదాలీకి విన్నపము సమర్పించెను. అట్టివాడే మొదటి సేతీ రాజు సమాధినుండి చక్కని చిత్రఫలక మొకటి కోయించి పారిస్‌కు తెచ్చెను! అది నేటికిని లూవ్ర్‌లో నున్నది. అప్పటి పండితులకు అది తప్పని తోచలేదు కాబోలు. సమాధి గోడకు మాత్రము ఆ గాయము మానలేదు.

1831లో అతనికొరకే పారిస్‌లో ఈజిప్టు పురాతత్త్వమునకు ఆచార్యపీఠ మేర్పడెను. పాఠములు చెప్పుటకు ఎక్కువ కాలము మిగులలేదు. 1832 మార్చి 4వ తేదీన, నలుబదియొక్క యేండ్లకే మరణించెను. వ్యాకరణము, నిఘంటువు వ్రాతప్రతులుగనే యుండెను. చిన్ననాడు చదువు చెప్పించిన యన్నయే వానిని అచ్చువేయించెను. అప్పటికిని సందేహించువారు లేకపోలేదు. 1866లో జర్మను పండితుడు లెప్సియస్ ఈజిప్టులోని టానిస్ వద్ద మరియొక శిలను కనుగొనెను. అదియు టాలెమీలనాటిదే, అందును గ్రీకు, ఈజిప్టు వ్రాతలు రెండును చెక్కుచెదరక యున్నవి. షాంపోలియన్ చూపిన పద్ధతిలో పండితులు బొమ్మల లిపిని చదివి చూడగా, అర్థము గ్రీకు పాఠముతో సరిపోయెను.