ఆండర్స్ సెల్సియస్

వేసవి వచ్చిందంటే చంద్రపూర్ జిల్లా పేరు వార్తలలో వినబడుతూనే ఉంటుంది. వర్ధా నది ఒడ్డున ఉన్న బల్లార్‌పూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బొగ్గు గనులలో, కాగితపు మిల్లులో పనిచేసే కుటుంబాలవారికి ఆ అంకె అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే అదే సమయంలో కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో వాతావరణం తెలిపే ఆప్ తెరచి, అందులో కొలమానాన్ని మారిస్తే 45 పోయి 113 కనబడుతుంది. ఎండ ఏమీ పెరగలేదు. అంకె మాత్రమే మారింది. మొదటిది సెల్సియస్ డిగ్రీలలో, రెండవది ఫారెన్‌హీట్ డిగ్రీలలో చెప్పిన లెక్క. ఇవి రెండూ మనుషుల పేర్లే. వారిలో ఆండర్స్ సెల్సియస్ జీవితం చిన్నదే అయినా విశేషమైనది.

సెల్సియస్ 1701 నవంబరు 27న స్వీడన్ దేశంలోని ఉప్సలా నగరంలో జన్మించాడు. తండ్రి నీల్స్ సెల్సియస్ ఖగోళశాస్త్ర ఆచార్యుడు. ఇద్దరు తాతలూ ఆచార్యులే. లెక్కలు, నక్షత్రాలు ఆ ఇంటి మాటల్లోనే ఉండేవి. 1730లో, ఇరవై తొమ్మిదేళ్ళైనా నిండకముందే, ఆండర్స్ ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర ఆచార్యుడయ్యాడు. కాని అక్కడ మంచి వేధశాల లేదు. ఇతర దేశాల వేధశాలలు చూసి రావాలని 1732లో బయలుదేరి జర్మనీ, ఇటలీ, ఫ్రాన్సు దేశాలు తిరిగాడు. ఉత్తరదిక్కు ఆకాశంలో రాత్రివేళ రంగురంగులుగా వెలిగే ధ్రువజ్యోతులను గురించి 316 పరిశీలనలు సేకరించి 1733లో నూరెంబర్గ్‌లో ప్రచురించాడు.

ఆ రోజులలో పండితులు భూమి ఆకారం గురించి తీవ్రంగా వాదించుకొనేవారు. భూమి ధ్రువాల వద్ద నొక్కుకొని ఉన్నదని న్యూటన్ సిద్ధాంతం. కాదు, నిమ్మకాయలాగా ధ్రువాల వైపు సాగి ఉన్నదని ఫ్రాన్సులో మరికొందరి వాదం. మాటలతో తేలే విషయం కాదు కనుక కొలిచి చూడవలసిందే. మోపెర్‌ట్యుయి అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుని నాయకత్వంలో ఒక బృందం 1736లో స్వీడన్ ఉత్తరపు కొసన ఉన్న లాప్‌లాండ్‌కు వెళ్ళింది. అందులో సెల్సియస్ ఒకడు. వేసవిలో దోమలు పీడిస్తుండగా కొండలెక్కి కోణాలు కొలిచారు. శీతకాలంలో గడ్డకట్టిన టోర్నే నది మీద కర్రబద్దలు వరుసగా పరచి దూరం కొలిచారు. ఎముకలు కొరికే ఆ చలిలో సాగిన ఈ శ్రమకు ఫలితం దక్కింది. అక్కడ ఒక అక్షాంశ డిగ్రీ పొడవు ఫ్రాన్సులో కన్న ఎక్కువగా ఉన్నది. అంటే న్యూటన్ మాటే నిజమన్నమాట. ఈ పనితో సెల్సియస్‌కు మంచి పేరు వచ్చింది. ఆయన ఎంతగానో కోరుకొన్న వేధశాల 1741లో ఉప్సలాలో సిద్ధమైంది. ఆ భవనం నేటికీ ఉన్నది.

ఇక ఉష్ణమాపకం సంగతి. అప్పటికి థర్మామీటర్లు లేకపోలేదు. అవి మరీ ఎక్కువ రకాలుగా ఉండడమే చిక్కు. ఫారెన్‌హీట్ పాదరసపు ఉష్ణమాపకంలో నీరు 32 దగ్గర గడ్డకట్టి 212 దగ్గర మరిగేది. పారిస్‌లో రోమూర్ పద్ధతిలో అవే స్థానాలు 0, 80. డెలిల్ అనే ఆయన మరిగే నీటికి 0 పెట్టి, గడ్డకట్టే చోటుకు 150 పెట్టాడు. మన పల్లెల్లో ఒక ఊరి మానిక మరొక ఊరి మానికతో సరిపోకపోతే ధాన్యం బేరం ఎలా కుదురుతుంది? పండితుల పరిస్థితీ అంతే. ఒక దేశంలో రాసుకొన్న చలి లెక్కను మరొక దేశంలో ఉన్నవాడు పోల్చి చూడలేకపోయేవాడు.

సెల్సియస్ గొప్పతనం కొత్త పరికరం చేయడంలో లేదు. గుర్తులు పెట్టడానికి ఎంచుకొన్న స్థానాలు నిజంగా కదలనివేనా అని పరీక్షించడంలో ఉన్నది. కరుగుతున్న మంచులో ఉష్ణమాపకాన్ని ఉంచి రెండు సంవత్సరాలపాటు రకరకాల వాతావరణంలో చూశాడు. పాదరసం ప్రతిసారీ ఒకే చోట నిలిచింది. ఉత్తరాన ఉన్న ఊరైనా, దక్షిణాన ఉన్న ఊరైనా ఆ స్థానం మారలేదు. మరిగే నీటి విషయం వేరు. గాలి పీడనం పెరిగితే నీరు మరిగే స్థానం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కనుక ఒక నిర్ణీతమైన పీడనం వద్దనే ఆ గుర్తు పెట్టాలని ఆయన చెప్పాడు. ఈ రెంటి నడుమ దూరాన్ని వంద సమభాగాలు చేశాడు. 1742లో స్వీడన్ శాస్త్ర అకాడమీకి ఈ విషయం తెలియజేశాడు.

ఇక్కడ ఒక వింత ఉన్నది. సెల్సియస్ మరిగే నీటికి 0, కరిగే మంచుకు 100 పెట్టాడు. ఆయన లెక్కలో చలి పెరిగినకొద్దీ అంకె పెరుగుతుంది! చలి దేశంలో రుణసంఖ్యలు రాకుండా అలా చేశాడని కొందరు ఊహిస్తారు. ఆ కొలతనే వాడి ఉంటే మన వేసవి ఎండ 55 డిగ్రీలై, మంచు కురిసే రోజు 100 దాటేది. ఈ వరుసను తలకిందులు చేసి చూసే అవకాశం ఆయనకు కలగలేదు. క్షయవ్యాధి సోకి 1744 ఏప్రిల్ 25న కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 42 సంవత్సరాలే. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో క్రిస్టిన్ అనే ఆయన 1743లోనే స్వతంత్రంగా 0ను మంచుకు, 100ను మరిగే నీటికి పెట్టాడు. సెల్సియస్ మరణానంతరం ఉప్సలాలోనూ ఆ మార్పు జరిగింది.

చాలాకాలం ఈ కొలతను సెంటీగ్రేడ్ అనే పిలిచారు. 1948లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ దానికి సెల్సియస్ పేరును స్థిరపరచింది. మన దేశంలో 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చాక మణుగులు, వీశెలు, మైళ్ళు క్రమంగా వెనుకకు పోయి మెట్రిక్ పద్ధతి నిలిచింది. వాతావరణ వార్తలలో సెల్సియస్ డిగ్రీలు అలవాటయ్యాయి. అమెరికాలో మాత్రం నేటికీ ఫారెన్‌హీట్ లెక్కే. అక్కడ ఉన్న బంధువు ఫోనులో ఎండ 100 డిగ్రీలు ఉన్నదని చెబితే కంగారు పడనక్కరలేదు. అందులోనుండి 32 తీసివేసి, మిగిలినదాన్ని 5తో గుణించి 9తో భాగిస్తే సుమారు 38 వస్తుంది. ఆప్ చేసేదీ ఈ లెక్కే.

జ్వరం దగ్గరికి వచ్చేసరికి మన ఇళ్ళలోనూ పాత అలవాటు పోలేదు. ఒంటి వేడి 98.6 అయితే మామూలే అంటారు, 102 అయితే వైద్యుని దగ్గరకు తీసుకుపోతారు. బయట ఎండ 46 అన్న నోటితోనే లోపల పిల్లవాడికి జ్వరం 102 అంటారు.