ఇంటి చదువు నుంచి బాలికల బడి వరకు: సుగ్రా హుమాయూన్ మీర్జా జీవిత విశేషాలు

భూపాలపల్లి, నవంబర్ 10: భారతదేశ తొలి విద్యాశాఖ మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి అయిన నవంబర్ 11వ తేదీని జాతీయ విద్యా దినోత్సవంగాను, రాష్ట్రంలో మైనారిటీల సంక్షేమ దినోత్సవంగాను జరుపుకోవడం ఆనవాయితీ. 1888లో మక్కాలో జన్మించి కలకత్తాలో పెరిగిన ఆజాద్ బాల్యంలో పాఠశాల గడప తొక్కలేదు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ వద్ద, ఇంటికి వచ్చి బోధించిన పండితుల వద్ద ఆయన విద్యాభ్యాసం సాగింది. సరిగ్గా అదే కాలంలో హైదరాబాద్ నగరంలోని ఒక ముస్లిం కుటుంబంలో ఒక బాలిక కూడా ఇంటి గోడల మధ్యనే అక్షరాలు దిద్దుకున్నది. తదనంతరం ఆమె నవలా రచయిత్రిగా, పత్రికా సంపాదకురాలిగా, సంఘ సంస్కర్తగా, నిరుపేద బాలికల పాఠశాల స్థాపకురాలిగా దక్కన్ విద్యా చరిత్రలో స్థానం సంపాదించుకున్నారు. ఆమే సుగ్రా హుమాయూన్ మీర్జా. ఆజాద్ పేరు ఎరుగనివారు లేరు. సుగ్రా పేరు మాత్రం ఉర్దూ సాహిత్యాభిమానుల పరిధిని దాటి జిల్లాలకు అంతగా చేరలేదు. జాతీయ విద్యా దినోత్సవ సందర్భాన్ని పురస్కరించుకొని ఆమె జీవిత విశేషాలను పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం అందించడమైనది.

సుగ్రా 1884లో హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి సఫ్దర్ అలీ మీర్జా నిజాం సైన్యంలో వైద్యులు. తల్లి మరియం బేగం. పరదా సంప్రదాయాన్ని కట్టుదిట్టంగా పాటించే ఆనాటి ఉన్నత కుటుంబాలలో ఆడపిల్లను బడికి పంపడమన్న ప్రసక్తే ఉండేది కాదు. అయినంత మాత్రాన ఆ కుటుంబాలన్నీ ఆడపిల్లల చదువును నిరాకరించాయని భావించడం పొరపాటు. అలీ మీర్జా దంపతులు తమ కుమార్తెకు ఇంటివద్దనే ఉర్దూ, పారసీక భాషలను నేర్పించారు. సుగ్రా పొందిన విద్య ఇంతమాత్రమే. ఆమె చేతికి ఏ పరీక్షా ధ్రువపత్రమూ రాలేదు.

నాటి ముస్లిం కుటుంబాలలో ఇంటి చదువుకు ఒక స్పష్టమైన క్రమం ఉండేది. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బిస్మిల్లా వేడుక జరిపి, తొలి అక్షరాలు పలికించి, బంధువులకు మిఠాయిలు పంచేవారు. తెలుగువారి అక్షరాభ్యాసానికి ఇది సోదరి వంటి ఆచారం. ఆ పిమ్మట అరబ్బీ అక్షరాల కాయిదా, ఖురాన్ పఠనం, అనంతరం ఉర్దూ, స్తోమత కలిగిన ఇళ్లలో పారసీకం, అందులో సాదీ రచించిన గులిస్తాన్, బోస్తాన్ గ్రంథాలు వరుసగా సాగేవి. మగపిల్లలకు మౌల్వీ, ఆడపిల్లలకు ఉస్తానీ అని పిలువబడే ఉపాధ్యాయురాలు ఇంటికి వచ్చి బోధించేవారు. ఉస్తానీ లభించని ఇళ్లలో తండ్రో, అన్నో ఆ బాధ్యత వహించేవారు. ఇందులో ఒక విచిత్రమైన పరిమితి ఉండేది. అనేక కుటుంబాలు ఆడపిల్లలకు చదవడం నేర్పించి, రాయడం వద్ద ఆపివేసేవి. రాత వచ్చిన పిల్ల పరాయివారికి ఉత్తరాలు రాస్తుందేమోనన్న శంక దీనికి కారణం. గ్రంథం చదవగలిగి, తన పేరు రాయలేని స్త్రీలు ఆనాడు ఎందరో ఉండేవారు. తన చేతి రాతనే జీవిత సాధనంగా మలచుకున్న సుగ్రా విశిష్టత ఈ నేపథ్యంలోనే బోధపడుతుంది.

ఉత్తర భారత ముస్లిం సమాజంలో గృహ విద్యకు పుస్తక రూపం ఇచ్చినవారిలో డిప్యూటీ నజీర్ అహ్మద్ ముఖ్యులు. తన కుమార్తెలు ఇంట్లో చదువుకొనేందుకు తగిన పుస్తకం కనిపించక ఆయన స్వయంగా రచించిన మిరాతుల్ ఉరూస్ 1869లో ప్రచురితమై ప్రభుత్వ బహుమతిని పొందింది. అందులోని అస్గరీ అనే పాత్ర తన ఇంట్లోనే ఇరుగుపొరుగు బాలికలకు పాఠాలు చెబుతుంది. నజీర్ అహ్మద్ తదనంతరం సాలార్‌జంగ్ ఆహ్వానంపై హైదరాబాద్ సంస్థానంలో కొన్నేళ్లు ఉన్నతోద్యోగం నిర్వహించారు. సుగ్రా తరం బాలికలు పెరిగిన వాతావరణం ఇటువంటి పుస్తకాలతో ఏర్పడినదే. ఇంటి చదువు ఇల్లు దాటి పక్కింటి పిల్లకు చేరాలన్న ఆలోచన అప్పటికే కథలలో ఉన్నది. దానిని నిజజీవితంలో ఆచరించేవారు రావలసి ఉన్నది.

1901లో సుగ్రాకు బారిస్టర్ సయ్యద్ హుమాయూన్ మీర్జాతో వివాహం జరిగింది. పాట్నాకు చెందిన ఆయన లండన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. భార్య రచనా వ్యాసంగానికి, సంఘసేవకు ఆయన సంపూర్ణ ప్రోత్సాహం అందించారు. పుట్టింట మొదలైన చదువు మెట్టినింట ఆగిపోకపోవడం ఆనాటి స్త్రీలలో అతి కొద్దిమందికి దక్కిన అదృష్టం. సుగ్రా ముషీరె నిస్వాన్, సర్గుజష్తె హాజిరా, మోహిని మొదలైన నవలలు రచించారు. హయా అనే కలం పేరుతో కవిత్వం చెప్పారు. హయా అనగా సిగ్గు, బిడియం అని అర్థం. అదే కలం పేరు గల ఈ రచయిత్రి హైదరాబాద్‌లో పరదాను విడిచి బహిరంగ సభలలో పాల్గొన్న తొలి ముస్లిం మహిళలలో ఒకరు కావడం గమనార్హం. ఆమె నవలలలో కథకంటె బోధ పాలు అధికమన్న మాట వాస్తవమే. అయితే వాటిని కేవలం నవలలుగా తూచడం న్యాయం కాదు. బడి లేని పాఠకురాలికి అవి పాఠ్యపుస్తకాల స్థానంలో నిలిచాయి.

ఈ ఉద్దేశ్యం ఆమె పత్రికా కృషిలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1920వ దశకంలో హైదరాబాద్ నుంచి వెలువడిన అన్నిసా అనే మహిళా మాసపత్రికకు ఆమె సంపాదకత్వం వహించారు. లాహోర్ నుంచి వెలువడిన జేబున్నిసా పత్రికతోను ఆమెకు సంపాదకురాలిగా అనుబంధం ఉన్నది. అంతకుముందు 1898లో లాహోర్‌లో సయ్యద్ ముంతాజ్ అలీ, ఆయన భార్య ముహమ్మదీ బేగం ప్రారంభించిన తహ్జీబె నిస్వాన్ ఈ మార్గానికి ఆద్యం. ఉస్తానీ రాలేని ఇంటికి పత్రిక టపాలో వెళ్లగలదు. జనానా తలుపు దాటని స్త్రీకి ఆరోగ్యం, శిశు పోషణ, గృహ నిర్వహణ, దేశ విశేషాలు ఈ పత్రికల ద్వారానే చేరేవి. పాఠకురాళ్లు తిరిగి ఉత్తరాలు, వ్యాసాలు రాసి పంపేవారు. ఆడపిల్లకు రాత వద్దన్న పాత అభ్యంతరం ఆ విధంగా క్రమేణా బలహీనపడింది.

సుగ్రా విస్తృతంగా పర్యటించారు. ఐరోపా, ఇరాక్, భోపాల్, ఢిల్లీ, ఆగ్రా తదితర ప్రాంతాల యాత్రానుభవాలను గ్రంథస్థం చేశారు. పరదాలో పెరిగిన స్త్రీ యాత్రా చరిత్ర రాయడం ఆ రోజుల్లో అరుదు.

ఆనాటి హైదరాబాద్‌లో బాలికలకు పాఠశాలలు బొత్తిగా లేవని చెప్పడానికి వీలులేదు. 1907లో ఆరో నిజాం కాలంలో ప్రారంభమైన మహబూబియా బాలికల పాఠశాల సంపన్న కుటుంబాల వారికి అందుబాటులోకి వచ్చింది. నాంపల్లి బాలికల పాఠశాలలో 1924లో ఇంటర్మీడియట్ తరగతులు మొదలై ఉస్మానియా మహిళా కళాశాలకు బీజం పడింది. 1949లో కోఠి రెసిడెన్సీ భవనానికి తరలిన ఆ కళాశాలయే 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా రూపొందింది. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ కుమార్తె తయ్యిబా బేగం వంటి విదుషీమణులు సుగ్రాకు సమకాలికులు. ఆమె కూడా ఇంటివద్ద చదివి నవలలు రచించినవారే. అయితే ఈ సౌకర్యాలన్నీ ఉన్నవారికి, లేదా ఉన్నవారి పొరుగున ఉన్నవారికి మాత్రమే పరిమితం.

నిజానికి ఇంటి చదువు ఖరీదైన చదువు. ఉస్తానీకి జీతం కావాలి, పుస్తకాలు కావాలి, అన్నిటికంటె మించి పిల్ల చేత పని చేయించుకోకుండా కూర్చోబెట్టగల తీరిక ఆ ఇంటికి ఉండాలి. 1901 జనాభా లెక్కల నాటికి నిజాం రాజ్యంలో నూటికి ఒక్క స్త్రీ కూడా అక్షరాస్యురాలు కాదు. నేటి భూపాలపల్లి ప్రాంతం ఆనాడు వరంగల్ సుబాలో అడవుల నడుమ ఉండేది. 2016 అక్టోబర్ 11న ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ ప్రాంతంలో అప్పట్లో రాజభాష ఉర్దూ కాగా, ఊరి భాష తెలుగు. ఇటువంటి గ్రామాలలో దూది ఏకుతూనో, కూలి చేస్తూనో జీవించే కుటుంబాల బాలికకు నగరంలోని బారిస్టరు ఇంట లభించిన విద్య ఊహకైనా అందనిది. తండ్రికి చదువు రాకపోతే ఇంటి చదువు అనే మాటకు అర్థమే లేదు.

సుగ్రా ఈ లోపాన్ని గుర్తించారు. 1934లో ఆమె తన తండ్రి సఫ్దర్ అలీ మీర్జా పేరిట మదర్సా సఫ్దరియాను నెలకొల్పారు. పేద ముస్లిం బాలికల విద్య దీని ప్రధానాశయం. చదువుతోపాటు కుట్టుపని వంటి చేతివృత్తులకు కూడా అందులో స్థానం కల్పించారు. పాఠశాల నిర్వహణకు తన ఆస్తి నుంచి వితరణ చేశారు. పాఠశాల వెలసిన ప్రాంతం ఆమె భర్త పేరిట హుమాయూన్‌నగర్‌గా ప్రసిద్ధి చెందింది. తనను ఇంట్లో కూర్చోబెట్టి చదివించిన తండ్రి పేరునే, ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లల బడికి పెట్టడంలో ఆమె ఉద్దేశ్యం తేటతెల్లం. ఇంటి చదువును ఆమె కించపరచలేదు. అది తన ఒక్క ఇంటితో ఆగిపోకూడదని మాత్రమే భావించారు.

వంగదేశంలో రొకేయా సఖావత్ హుసేన్ జీవితం దీనికి దగ్గరి పోలిక. 1880లో జన్మించిన ఆమె తన సోదరుని వద్ద ఇంట్లో రహస్యంగా ఆంగ్లం అభ్యసించి, 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల పాఠశాల ప్రారంభించారు. ఇక ఆజాద్ ఇంట్లోనే సుమారు 16 ఏళ్ల వయస్సుకు సంప్రదాయ దర్సె నిజామీ పాఠ్యక్రమాన్ని పూర్తి చేశారు. ఆంగ్ల విద్యపై తండ్రికి గల అయిష్టత వల్ల ఆ భాషను తరువాత స్వయంకృషితో నేర్చుకున్నారు. 1947 నుంచి విద్యాశాఖ మంత్రిగా ఉన్న కాలంలో 1951లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., 1953లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రారంభమయ్యాయి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ తాము చదువుకున్న పద్ధతినే ఇతరులకు సిఫారసు చేసి ఊరుకోలేదన్నది గమనించదగిన అంశం.

ప్రస్తుత చట్టం రీత్యా ఈ అంశం క్షేత్రస్థాయి అధికారులకు తరచు ఎదురవుతూ ఉంటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల లోపు ప్రతి బిడ్డకూ సమీప పాఠశాలలో ఉచిత విద్యను హక్కుగా ప్రసాదించింది. ఇంటివద్ద చదువు చెప్పించడాన్ని ఆ చట్టం ప్రత్యేకంగా ప్రస్తావించలేదు. 2012 సవరణ ద్వారా మదర్సాలు, వేద పాఠశాలలు తదితర ప్రధానంగా మత విద్యను బోధించే సంస్థలకు మినహాయింపు లభించింది. ఇంట్లో చదివిన పిల్లలు జాతీయ లేదా రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాసి పైచదువులకు వెళ్లే అవకాశం ఉన్నది. సుగ్రా తరానికి ఈ వెసులుబాటు లేదు. అయితే ఇంట్లో చదువుకుంటున్న పిల్ల ఎవరు, చదువు పేరుతో ఇంటి పనికే పరిమితమైన పిల్ల ఎవరు అన్నది బడిబయటి పిల్లల సర్వేకు వెళ్లినవారు ఇంటి గడప వద్ద నిలిచి తేల్చుకోవలసినదే. హాజరు పట్టిక ఒక్కటే దానిని చెప్పలేదు.

సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన పిమ్మట, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణను కూడా సుగ్రా చూశారు. 1958 ఫిబ్రవరి 22న మౌలానా ఆజాద్ ఢిల్లీలో కన్నుమూశారు. సుగ్రా హుమాయూన్ మీర్జా మరణించినది కూడా అదే సంవత్సరంలో. ఆమె నెలకొల్పిన సఫ్దరియా పాఠశాల ఆమె అనంతరం కూడా దశాబ్దాల పాటు హుమాయూన్‌నగర్ బాలికలకు విద్య అందించింది.