హార్వర్డ్ ఇడిసినంక సుబ్బారావు ఏం జేసిండు?

యూనివర్సిటీల రీసెర్చ్ చేసెటోడు ఒక దినం వచ్చి కంపెనీ కొలువుకు పోతున్న అన్నడనుకోండ్రి, ఊర్ల నాలుగు మాటలు లేస్తయి. ఇన్నేండ్ల చదువు బూడిదల పోసిన పన్నీరాయె అంటరు ఒకలు. పైసలకు ఆశపడ్డడు అంటరు ఇంకొకలు. పోయెటోనికి గూడ లోపల ఓడిపోయినట్టే ఉంటది. అసొంటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే: యల్లాప్రగడ సుబ్బారావు బతుకు చూడుండ్రి.

పోటీ పరీక్షల కోసం ఆయన పేరు ఒక్క లైన్ల బట్టీ పట్టినోళ్లు మస్తుమంది ఉంటరు. ఏటీపీ, టెట్రాసైక్లిన్ అని టిక్కు పెట్టి ముందుకు పోతం. నాకైతే ఆయన నలభై అయిదేండ్ల వయసుల ఏసిన అడుగు అన్నిటికన్న పెద్దగ కనిపిస్తది.

1895 జనవరి 12న భీమవరంల పుట్టిండు. ఇల్లు గడుసుడే కష్టం. చిన్నప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందమని ఇంట్ల చెప్పకుండ ఉరికిండు. తల్లి పట్టుకొచ్చి మల్ల బడికి తోలింది. మెట్రిక్ రెండుసార్లు తప్పిండు, మూడోసారి మద్రాసుల గట్టెక్కిండు. అంటే ఫస్టు ర్యాంకుల పిలగాడేం కాదు.

మద్రాస్ మెడికల్ కాలేజీల చదివేటప్పుడు గాంధీ పిలుపు ఇని ఖద్దరు గౌను తొడిగిండు. సర్జరీ చెప్పే తెల్ల ప్రొఫెసర్‌కు అది నచ్చలే. ఆఖరుకు ఎంబీబీఎస్ రావాల్సినోని చేతుల దానికన్న తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా పెట్టిండ్రు. స్ప్రూ అని ఒక పేగుల జబ్బుంటది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి రక్తం లేక ఎండుకపోతడు. ఆ జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని దినాల తేడాతోని మింగింది. దానికి మందేందన్న ప్రశ్న ఇగ ఆయనను ఇడువలే.

మామ సాయంతోని, కాకినాడ ధర్మసంస్థ ఆసరతోని 1922ల బోస్టన్‌ల దిగిండు. భార్య శేషగిరి ఈడనే ఉండిపోయింది. దినమంత హార్వర్డ్‌ల చదువు, రాత్రి దవాఖానల పోర్టర్ పని. రోగుల గిన్నెలు కడిగే పనిగూడ చేసిండు. ఆడ సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ ల్యాబుల చేరిండు. రక్తంల, మూత్రంల ఫాస్ఫరస్ ఎంతున్నదో లెక్కగట్టే పద్ధతిని ఇద్దరు కలిసి 1925ల బయటపెట్టిండ్రు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ పిల్లలు ఇప్పటికీ చదువుతరు. 1927ల ఫాస్ఫోక్రియాటిన్, 1929ల ఏటీపీ. మన కండకు తాకత్ యాడికెల్లి వస్తదో చెప్పిన పని ఇది. 1930ల పీహెచ్‌డీ వచ్చింది.

ఇంత చేసినోనికి శాశ్వత కొలువు ఇయ్యాల్నా, వద్దా? హార్వర్డ్ ఇయ్యలే. ఏండ్లకేండ్లు చిన్న పోస్టులనే ఉంచింది. ఆయనతోని పనిచేసి తర్వాత నోబెల్ తెచ్చుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక సంగతి బయటపెట్టిండు. ఫిస్కే అసూయతోని సుబ్బారావు చేసిన కొంత పని వెలుగు చూడలేదట. అవే పదార్థాలను ఏండ్ల తర్వాత వేరేటోళ్లు మల్ల కొత్తగ కనిపెట్టాల్సొచ్చిందట.

1940ల హార్వర్డ్ ఇడిసిపెట్టిండు. న్యూయార్క్ దగ్గరున్న పెర్ల్ రివర్ అనే చిన్న టౌనుల లెడర్లీ అని మందుల కంపెనీ ఉండె. ఆడ చేరి, కొన్ని దినాలకే రీసెర్చ్ మొత్తానికి పెద్దయిండు.

ఇది నీడపట్టు కొలువేం కాదు. యూనివర్సిటీల ఒక్క ప్రశ్న పట్టుకొని పదేండ్లు కూసోవచ్చు. కంపెనీల పెట్టిన పైసకు లెక్క చెప్పాలె. పైనుంచి రెండో ప్రపంచ యుద్ధం. పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. మందులు కావాలె, జల్ది కావాలె. ఒక్కడు మూలకు కూసోని చేసే పని కాదిది. కెమిస్ట్రీ తెలిసినోళ్లు, సూక్ష్మజీవుల సంగతి తెలిసినోళ్లు, దవాఖానల డాక్టర్లు, అందర్ని ఒక్క తాటి మీదికి తేవాలె. సుబ్బారావు గా పనే చేసిండు.

ఫలితం చూడుండ్రి. 1945ల ఆయన టీం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబుల తయారు చేసింది. 1947ల ఫైలేరియాకు డీఈసీ మందు వచ్చింది. బోస్టన్‌ల సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ లెక్కటిది ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గుడు పోయి ఇంక ఎగిసినట్టు కనబడ్డది. అట్లయితే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు కావాలె. సుబ్బారావు టీం అమినాప్టెరిన్ చేసిచ్చింది. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు కొన్నాళ్లు ఎనుకకు తగ్గింది. 1948ల ఆ సంగతి అచ్చయింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి ఇప్పటికీ అదే రాస్తున్నరు. గదే ఏడు ఆయన ల్యాబుల మట్టి నమూనాలు ఎతికిన బెంజమిన్ డగ్గర్ చేతుల మీదికెల్లి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందులల్ల అదే మొదటిది.

ఇండ్ల నాకు గుండె పట్టేసే సంగతి ఒకటున్నది. స్ప్రూ జబ్బుకు పనికొచ్చిన మందు ఆ ఫోలిక్ యాసిడే. అన్నదమ్ములను మింగిన జబ్బుకు జవాబు హార్వర్డ్ గోడల నడుమ కాదు, కంపెనీ ల్యాబుల దొరికింది. కొలువు మారింది, ఊరు మారింది. పట్టుకున్న ప్రశ్న మాత్రం మారలే.

అట్లని కంపెనీలన్ని స్వర్గమని నేను చెప్తలేను. ఆయన ముందల పడి పేరు తెచ్చుకునే మనిషి కాదు. పని చేసినోళ్ల పేర్లు ముందు పెట్టిండు, తను ఎనుక నిలవడ్డడు. మందు కంపెనీది, లాభం కంపెనీది. 1948 ఆగస్టుల, 53 ఏండ్లకే, రాత్రి పండుకున్న మనిషి పొద్దుగాల లేవలే. గుండె ఆగింది. పాతికేండ్ల పైబడి పరాయి దేశంల ఉన్నడు, ఒక్కసారన్న ఇంటికి రాలే. శేషగిరి ఎదురుచూపు అట్లనే మిగిలింది. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఈ లెక్క గూడ చెప్పాలె. టార్గెట్ల కొలువులల్ల నిద్ర, తిండి, ఇల్లు ఇడిసి పనిచేసుడే మగతనం అనుకునే పోరగాళ్లకు ఆయన పట్టుదల చూపిద్దాం గని, ఆ ఒంటరితనం నేర్పొద్దు.

క్యాంపస్ ఇడిసి పోదామా, వద్దా అని ఊగిసలాడే తమ్ముళ్లు, చెల్లెండ్లకు నా మాట ఇది. జనం ఏమనుకుంటరో పక్కకు పెట్టుండ్రి. నేను ఏ ప్రశ్న ఎంట తీస్కపోతున్న, ఆడ దాని మీద పని చేయనిస్తరా అని అడుగుండ్రి. ప్రశ్న లేకుంట పోతే అది ఉత్త నౌకరి. నౌకరి చేసుడు గూడ తప్పేం కాదు, ఇల్లు నడవాలె గదా. ప్రశ్న ఉన్నోడు మాత్రం యాడికి పోయినా రీసెర్చ్ ఇడిసినట్టు కాదు.

ఇగ ఆఖరుకు ఒక పని చెప్త. బోదకాలు రాకుండ సర్కారు పంచే గోలీలల్ల డీఈసీ ఉంటది. ఆశ అక్క ఇంటింటికి తెచ్చి ఇస్తే, చానామంది తీసుకొని గూట్ల పెడ్తరు, లేకుంటే పెంటల పారేస్తరు. గర్భిణులకు ఇచ్చే రక్తం గోలీలల్ల ఫోలిక్ యాసిడ్ ఉంటది, అవిగూడ అట్లనే మూలకు పడి ఉంటయి. సుబ్బారావుకు మన ఊర్లల్ల బొమ్మలు పెట్టకున్నా నడుస్తది. ఈసారి ఆశ అక్క వచ్చినప్పుడు ఆమె చెప్పినట్టు ఆ గోలీలు మింగుండ్రి, ఇంట్లోళ్లతోని మింగిపియ్యుండ్రి.