ఉప్పుతో గాయిటర్‌ను తరిమిన డాక్టర్ రామలింగస్వామి

నేడు దేశంలో ఇంటింటికీ అయోడిన్ ఉప్పు చేరుతోందంటే అందులో ఒక తెలుగు డాక్టర్ శ్రమ ఉంది. ఆయనే డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి స్వదేశానికి తిరిగొచ్చారు.

అప్పట్లో హిమాలయాల దిగువన ఎన్నో ఊళ్లలో జనం మెడ వాపుతో, అంటే గాయిటర్‌తో బాధపడేవారు. మెడ ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి రక్తంలోని అయోడిన్‌ను తీసుకుని టీ4, టీ3 హార్మోన్లు తయారుచేస్తుంది. ఒంట్లో వేడి, గుండె వేగం, పిల్లల ఎదుగుదల వీటి మీదే ఆధారపడతాయి. హార్మోన్ తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా పంపి థైరాయిడ్‌తో మరింత పని చేయిస్తుంది. హార్మోన్ సరిపడా ఉంటే టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. మరి తిండిలో అయోడినే లేకపోతే? హార్మోన్ తయారవదు, టీఎస్‌హెచ్ ఒత్తిడికి గ్రంథి మాత్రం ఉబ్బిపోతుంది. గర్భిణికి ఈ లోటు ఎక్కువైతే కడుపులోని బిడ్డ మెదడే దెబ్బతింటుంది.

దీనికి మందు ఉప్పులోనే ఉందని రామలింగస్వామి బృందం నిరూపించింది. 1956లో కాంగ్రా లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఇంకో ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి చూశారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది.

ఆయన తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్‌గా, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. పద్మవిభూషణ్ అందుకున్నారు. 2001 మే 28న కన్నుమూశారు.

ఆయన పని కొండ ప్రాంతాలకే పరిమితం అనుకోకూడదు. నెల్లూరు తీరంలో ఇస్కపల్లి వైపు ఉప్పు మడులున్నాయి. సముద్రపు ఉప్పే కదా, అయోడిన్ ఉండదా అని చాలామంది అనుకుంటారు. నిజానికి మడిలో పండిన ఉప్పులో అయోడిన్ నామమాత్రమే, విడిగా కలపాల్సిందే. సముద్రపు చేపల్లో కొంత ఉంటుంది గానీ సలాన్ రోజూ వండుకోలేం. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 కావాలి. అందుకే నమక్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద అయోడిన్ అన్న మాట చూసుకోవాలి. తేమ తగలకుండా మూతపెట్టిన డబ్బాలో దాచాలి. ఉప్పు ఎక్కువ తినమని కాదు. తినే కొంచెమూ అయోడిన్ ఉన్నదై ఉండాలి. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి.