గిరి గారు చివరివరకు కార్మికుల మనిషేనా?

ఉగాది పచ్చడిలో బెల్లముతో పాటు వేపపువ్వును కూడ రుచి చూచుట మన ఆచారము. పెద్దల జీవితములను స్మరించునప్పుడు కూడ ఆ పద్ధతియే మంచిది. బరంపురంలో పుట్టి భారత రాష్ట్రపతి అయిన శ్రీ వరాహగిరి వేంకటగిరి గారిని మనము గర్వముతో చెప్పుకొంటాము. అయితే రాష్ట్రపతి అయిన తరువాత కూడ ఆయన కార్మికుల మనిషిగానే ఉన్నారా అన్న ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. రైల్వే కొలువుల కోసం సొంత ఊళ్ళు విడిచిన మన కుటుంబములకు ఈ ప్రశ్న చాల దగ్గరిది.

గిరి గారు 1894 ఆగస్టు 10వ తేదీన జన్మించినారు. గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరినది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరుపొందిన వకీలు. గిరి గారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండులోని డబ్లిన్ నగరమునకు వెళ్ళినారు. అచ్చటి స్వాతంత్ర్యోద్యమమును, కార్మిక నాయకుడు జేమ్స్ కనోలీ పోరాటమును దగ్గరగా చూచినారు. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగిన పిమ్మట ఆ దేశము విడిచి రావలసి వచ్చినది.

హౌరా నుండి బరంపురం మీదుగా వాల్తేరు వరకు సాగిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో మన తెలుగువారు ఎందరో పని చేసేవారు. ఆ కార్మికులకు గిరి గారు సంఘము కట్టినారు. 1928లో ఉద్యోగములు ఊడిన వారి కోసం శాంతియుతముగా సమ్మె నడిపించి, కంపెనీని దిగివచ్చునట్లు చేసినారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషను స్థాపకులలో ఆయన ఒకరు. దానికి పది సంవత్సరములకు పైగా ప్రధాన కార్యదర్శిగా పని చేసినారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా వారిని ఓడించి, రాజాజీ గారి మంత్రివర్గములో కార్మిక శాఖను చేపట్టినారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయినారు. యజమాని, కార్మికుడు కోర్టులకెక్కక ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొనవలెనన్నది ఆయన సిద్ధాంతము. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చివేయగా, గిరి గారు మంత్రి పదవిని వదలుకొన్నారు.

1969 జూలై 19న, తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి, 14 బ్యాంకులను జాతీయము చేసే ఆర్డినెన్సుపై సంతకము చేసినారు. మరునాడే రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడినారు. ప్రధాన ప్రత్యర్థి శ్రీ నీలం సంజీవరెడ్డి గారు కూడ తెలుగువారే. రెండవ ప్రాధాన్యత ఓట్లు కూడ లెక్కించిన పిదప గిరి గారు గెలిచినారు.

1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైనది. దానికి ముందు నడచినది గిరి గారు పెంచిన ఆ ఫెడరేషనే. ప్రభుత్వము వేలమందిని జైళ్ళలో పెట్టినది. ఎందరో ఉద్యోగములు కోల్పోయినారు. కుటుంబములను క్వార్టర్ల నుండి వెళ్ళగొట్టినారు. మే 27న సమ్మె విరమించవలసి వచ్చినది. అప్పుడు రాష్ట్రపతి భవనములో ఉన్నది గిరి గారే. ఆ ఆగస్టులో గడువు ముగియువరకు ఆయన పదవిలోనే ఉన్నారు.

ఆయన పక్షము వహించేవారు, మంత్రివర్గము సలహా ప్రకారము నడచుకొనుట రాష్ట్రపతి ధర్మమనీ, ఆయన చేతులు కట్టివేయబడినవనీ అంటారు. ఇది నిజమే. కాని 1954లో కూడ ప్రభుత్వ నిర్ణయమును ఆపు శక్తి ఆయనకు లేదు. పదవిని వదలుకొను శక్తి మాత్రము ఉన్నది, దానిని వాడినారు. 1974లో వాడలేదు. రాష్ట్రపతి రాజీనామా మంత్రి రాజీనామా వంటిది కాదు, దేశమునే కదిలించగలదు. అయినను ఆ మౌనము ఆయన జీవితములో చేదు భాగమే.

ఆ ఒక్క నెలను చూచి, ముప్పది సంవత్సరముల సేవ బూటకమనుట న్యాయము కాదు. ఆయన కార్మికుల మనిషియే, సందేహము లేదు. ఐతే మంత్రి కుర్చీని కార్మికుల కోసం వదలుకొన్న ఆయన, అంతకంటె పెద్ద కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ పని చేయలేకపోయినారు.

1975లో ఆయనకు భారతరత్న లభించినది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూసినారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరు మీదనే ఉన్నది. ఈ ఉగాదినాడు మన పిల్లలకు గిరి గారి కథ చెప్పునప్పుడు 1928ని, 1954ను, 1974ను కూడ కలిపి చెప్పుదము.